చక్రం మీద లేని కార్డు

చక్రం తిప్పింది గుమాస్తానే. ఆ విషయంలో ఎవరికీ అనుమానం లేదు, గుమాస్తాకు అసలే లేదు.

"నేనే చంపానండీ," అన్నాడు లాకప్పు గోడకు చేరగిలబడి. నిన్నటి నుంచి అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ అదే మాట చెబుతున్నాడు. స్టేషన్లో వాళ్లు విని విని పట్టించుకోవడం మానేశారు. డిటెక్టివ్‌కు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. చావు ఎలా జరిగిందో పూర్తిగా తెలియని మనిషి, చంపింది నేనేనని ఇంత గట్టిగా ఎలా చెబుతాడు? ఆమెకు కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. పోలీసు ఉద్యోగం పోయింది ఆ కోపం వల్లే. ఇప్పుడు నడుపుతున్న చిన్న డిటెక్టివ్ ఆఫీసుకు జనం వెతుక్కుంటూ వచ్చేదీ దాన్ని చూసే.

ఈ పొద్దున వచ్చింది గుమాస్తా అక్క. బట్టలు కుట్టే మనిషి. తల్లి పోయాక తమ్ముణ్ణి మిషను పక్కన కూర్చోబెట్టుకుని చదివించి, పింఛన్ల కార్యాలయంలో ఉద్యోగం వచ్చేదాకా తనే మోసింది. మెడలో కొలతల టేపైనా తియ్యకుండా పరుగెత్తుకొచ్చి, తమ్ముణ్ణి ఖూనీకోరంటున్నారని కుర్చీలో కూలబడింది. మధ్యాహ్నం మూడింటికి అతన్ని కోర్టులో నిలబెడతారు. ఆ తర్వాత ఎవరు ఎంత మొత్తుకున్నా నెలల తరబడి లోపలే ఉండాలి. ఆ నెలలు అతను బతికి బయటపడతాడన్న నమ్మకం అక్కకు లేదు. నిన్నటి నుంచి ముద్ద ముట్టలేదట.

డిటెక్టివ్ ఊచల ముందు నేల మీదే కూర్చుని, మొదటి నుంచీ చెప్పమంది. గుమాస్తా తలెత్తకుండా చెప్పాడు. ఆఫీసు రికార్డు రూములో ఇనుప బీరువాలు పట్టాల మీద ఉంటాయి. వరసగా ఒకదానికొకటి ఆనుకుని నిలబడతాయి. ప్రతి బీరువాకూ చివర ఓ చక్రం. కావలసిన చోట చక్రం తిప్పితే బీరువా పక్కకు జరిగి, మనిషి పట్టేంత సందు తెరుచుకుంటుంది. ఇంకో చోట తెరవాలంటే ఈ సందు మూసుకోవాల్సిందే. మనిషి లోపలుండగా చక్రం తిరక్కుండా ఒకప్పుడు ప్రతి బీరువాకూ అడుగున పిన్ను ఉండేది. ఇప్పుడు లేదు. కాగితాలు పెట్టడానికి చోటు చాలడం లేదని మొన్నామధ్య ఇంకో బీరువా తెచ్చి ఇరికించారు. పిన్నులుంటే అన్నీ పూర్తిగా దగ్గరికి రావడం లేదని వాటిని పీకి పారేశారు.

పిన్నులు పోయాక ఆఫీసువాళ్లు తమకు తోచిన పద్ధతి ఒకటి పెట్టుకున్నారు. సందులోకి వెళ్లే మనిషి మెడలోని గుర్తింపు కార్డు తీసి చక్రానికి తగిలించాలి. చక్రం మీద కార్డు ఉంటే లోపల మనిషి ఉన్నట్టు. లేకపోతే లేనట్టు. మనుషుల ప్రాణాలు ఒక ప్లాస్టిక్ ముక్క మీద వేలాడదీసి, అంతా హాయిగా పని చేసుకుంటున్నారన్నమాట. వింటుంటే డిటెక్టివ్‌కు పళ్లు నూరుకోవడం తప్ప ఇంకేం చెయ్యాలో తోచలేదు.

చనిపోయింది రికార్డు రూము అధికారి. అందరూ ఆయన్ని కట్టల మాస్టారు అనేవాళ్లు. కాగితాల కట్ట కట్టడంలో చాదస్తం, నోరు మహా పెద్దది. ముందురోజే ఆయనకూ గుమాస్తాకూ రికార్డు రూము గుమ్మం బయట పెద్ద గొడవ జరిగింది. ఈ బీరువాల మధ్యే నలిగి చస్తారని గుమాస్తా అరిచిన మాట సగం ఆఫీసు విన్నది. మర్నాడు ఆయన అలాగే చచ్చిపోయారు. ఇక పోలీసులకు ఇంతకన్నా ఏం కావాలి?

"చక్రం మీద కార్డు ఉందా?" అడిగింది డిటెక్టివ్.

"లేదండీ. చూశాను. ఎప్పుడూ చూస్తాను."

"మరి నువ్వు చంపావని ఎలా అంటావు?"

"తిప్పింది నేనే కదండీ. గట్టిగా ఉంది. బరువెక్కువై ఎప్పుడూ గట్టిగానే ఉంటుంది. భుజం ఆనించి తోశాను." కంబళి భుజం మీదికి లాక్కున్నాడు. "తోసినప్పుడు, ఏదో మెత్తగా తగిలింది. అది తెలిసి కూడా ఇంకొంచెం తోశానండీ. ఏదో కట్ట అడ్డం పడిందనుకున్నాను."

మాస్టారు అరిచే ఉంటారు. కానీ తేమ లాగే పెద్ద ఫ్యాను ఆ గదిలో రోజంతా రోద పెడుతుంది, పక్కన నిలబడ్డ మనిషి మాట కూడా వినిపించదు. సందులోకి తొంగిచూసిన గుమాస్తా కేక పెడుతూ తలుపు దాకా పరుగెత్తి అక్కడే పడిపోయాడు. తెలివొచ్చేసరికి వరండాలో ఉన్నాడు, ముఖాన నీళ్లున్నాయి.

ఇంతవరకూ అతను తడుముకోలేదు. అసలు ఆ వేళప్పుడు ఆ చక్రం ఎందుకు తిప్పావని అడగ్గానే మాత్రం తడబడ్డాడు. పక్క వరసలోని ఫైలు అర్జెంటుగా కావాలని ఫోను వచ్చిందట. ఎవరు చేశారంటే, ఎవరో సెక్షన్ వాళ్లన్నాడు. మాస్టారితో గొడవ దేనికంటే, చోటు గురించేనన్నాడు. రెండు జవాబులూ నేల చూస్తూ చెప్పాడు. కంబళి అంచు నుంచి లాగిన దారం అతని ఎడమచేతిలో ముడి పడుతోంది, విప్పుకుంటోంది, మళ్లీ ముడి పడుతోంది. చేతులకు కట్టలు కట్టడం తప్ప మరో పని తెలియనట్టుంది.

"నా దగ్గర దాస్తే నేనేం చెయ్యలేను," అంది డిటెక్టివ్. "మీ అక్క బయట బల్ల మీద కూర్చుని ఏడుస్తోంది. అదైనా గుర్తు పెట్టుకో."

ఆమె లేవబోతుంటే గుమాస్తా చొక్కా లోపలి నుంచి తన గుర్తింపు కార్డు తీసి ఊచల్లోంచి చాచాడు. తనకిక దీంతో పని లేదని, ఆఫీసులో ఇచ్చెయ్యమని అన్నాడు. పళ్లు కనబడేలా నవ్వుతున్న ఫొటో ఉంది దాని మీద. డిటెక్టివ్ దాన్ని కోటు జేబులో పడేసుకుని, ఒక్క తిట్టు మింగుకుని బయటికి నడిచింది.

*

పింఛన్ల కార్యాలయం మెట్లెక్కుతుండగానే ఆమెకు మళ్లీ చిర్రెత్తుకొచ్చింది. మెట్ల పక్కన కట్టలు. కిటికీల ముందు కట్టలు, వెలుగు రాకుండా. మూత్రశాలలు రెండింట్లో ఒకదానికి తలుపు మేకులు కొట్టి, దాన్నిండా కట్టలు. కుర్చీ విరిగిన ఓ ఉద్యోగిని నాలుగు కట్టలు పేర్చుకుని వాటి మీదే కూర్చుని పని చేసుకుంటోంది. వేలమంది జీవితాంతం చేసిన కొలువుల లెక్కలవి. అవి కనబడకపోతే ముసలివాళ్లకు పింఛను ఆగిపోతుంది. వాటి మీద జనం టీ గ్లాసులు పెడుతున్నారు.

డిప్యూటీ డైరెక్టరు రికార్డు రూము తలుపు దగ్గరే ఎదురొచ్చాడు. మెత్తటి మనిషి, మాటా మెత్తనే. చేతిరుమాలుతో కళ్ల చివరలు ఒత్తుకుంటూ, మాస్టారు పోవడం ఆఫీసుకు ఎంత లోటో చెప్పాడు. చోటు లేకపోవడం వల్లే ఈ ఘోరమంతా జరిగిందన్నాడు. తను ఏడాదిగా పైవాళ్లకు మొరపెట్టుకుంటే ఇన్నాళ్లకు ఊరవతల ఓ ప్రైవేటు గోడౌను ఖాయమైందట. అక్కడా ఇలాంటి బీరువాలే, ఇంతకంటే పెద్దవి, బిగించేశారట. ఈ వారంలోనే కట్టల తరలింపు మొదలవుతుందట.

"మాస్టారు ఒప్పుకున్నారా?" అడిగింది డిటెక్టివ్.

"ఆయన పాతకాలం మనిషమ్మా. ఇక్కడే సర్దుకోవచ్చని మొండికేశారు. సర్దడానికే లోపలికి వెళ్లి..." అని డిప్యూటీ మాట మింగేశాడు.

గదిలో ఫ్యాను ఆపేశారు. ఫ్యాను లేకపోతే తన అడుగుల చప్పుడు తనకే పెద్దగా వినిపించింది ఆమెకు. మాస్టారు నలిగిన సందు తెరిచే ఉంది. దాని ముందు తాడు కట్టి, తాడు దగ్గర ఓ కానిస్టేబుల్ను నిలబెట్టారు. తాడెత్తి దూరబోయేసరికి వెనక నుంచి గొంతు వినబడింది.

"ఆ తాడు అలంకారానికి కట్టలేదు మేడమ్."

ఇన్‌స్పెక్టరు. ఆమె దగ్గరే పని నేర్చుకుని, ఆమె కుర్చీలోనే కూర్చున్నవాడు. ఏ కేసైనా మూడు రోజుల్లో మూసేస్తాడని డిపార్టుమెంటులో చకచకా అని పేరు. చంకలో ఫైలుంది, చేతిలో సీలు వేసిన రెండు కవర్లు. ఇటునుంచి ఇటే కోర్టుకు వెళ్తానన్నాడు. ఈ కేసులో చూడ్డానికేం లేదన్నాడు. బెదిరించాడు, మర్నాడే తిప్పాడు, తనే ఒప్పుకున్నాడు. మాస్టారు కార్డు తగిలించడం మరిచిపోయారు, దొరికిందే సందని గుమాస్తా తోసేశాడు. కార్డు శవం జేబులోనే దొరికింది.

"ఏ జేబులో?"

"చొక్కా పై జేబులో. ఎడమవైపు. పెన్నుతో పాటు. పంచనామా నేనే రాశాను, నా చేత్తో."

"ఆ కవరు ఇలా ఇవ్వు."

ఇవ్వనన్నాడు. ఇవ్వకపోతే మూడింటికి కోర్టులో అందరి ముందూ అడుగుతానంది. డిప్యూటీ పెద్దమనిషి తరహాలో మధ్యలోకొచ్చి, చూపిస్తే పోయేదేముందండీ అన్నాడు. ఇన్‌స్పెక్టరు గొణుక్కుంటూ కవర్లు రెండూ బల్ల మీద పెట్టి, సీలు తనే విప్పాడు.

మొదటిదాంట్లో చొక్కా. జేబు ఉన్నచోట నీలం సిరా అరచేయంత మరక కట్టి ఎండిపోయింది. పెన్ను తునాతునకలై, ముక్కలు గుడ్డలోకి దిగబడి ఉన్నాయి. రెండోదాంట్లో గుర్తింపు కార్డు. పల్చటి ప్లాస్టిక్ ముక్క, చుట్టూ దాని నాడా పొందిగ్గా చుట్టి ఉంది. డిటెక్టివ్ దాన్ని కవరు మీద నుంచే అటూ ఇటూ తిప్పింది. వంపు లేదు. గీత లేదు. సిరా చుక్క లేదు.

కోపం వచ్చినప్పుడు ఆమె గొంతు పెరగదు, తగ్గుతుంది. ఆమె కింద పనిచేసినవాళ్లందరికీ ఆ సంగతి తెలుసు. ఇన్‌స్పెక్టరు ఒకడుగు వెనక్కేశాడు.

"ఎముకలు విరిగాయి," అంది ఆమె. "పెన్ను పిండైంది. అదే జేబులో, ఆ పెన్నును ఆనుకుని ఉన్న ఈ ప్లాస్టిక్ ముక్క మాత్రం నిన్న కొన్నట్టుంది. నువ్వు నీ చేత్తో తీసి, నీ చేత్తో కవరులో పెట్టావు. అప్పుడు నీ కళ్లెక్కడ పెట్టుకున్నావు?"

ఇన్‌స్పెక్టరు కార్డు చూశాడు, చొక్కా చూశాడు, మళ్లీ కార్డు చూశాడు.

"ఆయన నలిగినప్పుడు ఇది జేబులో లేదు," అంది డిటెక్టివ్. "మాస్టారు మరిచిపోలేదు. రోజూలాగే చక్రానికి తగిలించి లోపలికెళ్లారు. ఎవరో దాన్ని తీసేశారు. తీసి, పక్క వరస ఫైలు కావాలని గుమాస్తాకు ఫోను చేశారు. వాడు వచ్చి చూశాడు, కార్డు లేదు, తిప్పాడు. అంతా అయ్యాక సిరా ఆరేదాకా ఆగి, దీన్ని శవం జేబులో పెట్టారు. నువ్వు ఎత్తుకొచ్చింది హంతకుణ్ణి కాదు, హంతకుడు వాడుకున్న చెయ్యిని."

ఇన్‌స్పెక్టరు అంత తేలిగ్గా లొంగే రకం కాదు. తిప్పినవాడే కార్డు తీసి, తిప్పినవాడే పెట్టి ఉండొచ్చు కదా అన్నాడు. డిటెక్టివ్ ఈసారి బల్ల మీద అరచేత్తో చరిచింది. అలా పెట్టినవాడైతే, మాస్టారే మరిచిపోయారు నా తప్పేం లేదని ఆ కార్డునే అడ్డం పెట్టుకునేవాడు. నేనే చంపానని పొద్దస్తమానం ఎందుకు ఏడుస్తాడు? పైగా కేక పెట్టి పడిపోయినవాణ్ణి మీ సాక్షులే మోసుకెళ్లి వరండాలో పడుకోబెట్టారు. తెలివిలేని మనిషి వచ్చి శవం జేబులో చెయ్యెలా పెడతాడు?

"ఇంకా అరెస్టు కాగితం రాయలేదు కదా?"

"లేదు."

"అయితే వదిలెయ్. ఇప్పుడే. లేకపోతే మూడింటికి ఈ కార్డు పట్టుకుని జడ్జీగారి ముందు నేనే నిలబడతాను. నీ చకచకా పేరు అక్కడితో సరి."

ఇన్‌స్పెక్టరు ముఖం కందగడ్డలా అయింది. అయినా చెడ్డవాడు కాదు, తొందరపాటు మనిషంతే. ఫోను తీసి స్టేషనుకు చేశాడు. గుమాస్తాను వదిలెయ్యమని, పిలిచినప్పుడు రమ్మని చెప్పి పంపమని అన్నాడు. పెట్టేశాక, ఇక చాలా అన్నట్టు ఆమె వైపు చూశాడు.

డిప్యూటీ ఊపిరి బిగబట్టి వింటున్నాడు. ఫోను పెట్టెయ్యగానే రెండు చేతులూ జోడించాడు. గుమాస్తా తమ ఆఫీసు బిడ్డలాంటివాడన్నాడు. స్టేషను దగ్గర జనం మధ్య నిలబడాల్సిన ఖర్మ అతనికేమిటి, తనే కారు తీసుకెళ్లి దగ్గరుండి ఇంటి దగ్గర దింపుతానన్నాడు. డిటెక్టివ్ మంచిదండీ అంది. ఇన్‌స్పెక్టరు మీద గెలిచిన వేడిలో ఉంది ఆమె. డిప్యూటీ మెట్లు దిగుతున్న చప్పుడు విన్నది కూడా.

*

ఇప్పుడు మిగిలింది ఒకటే. మాస్టారు ఆ సందులో ఏం చేస్తున్నారు?

"చక్రం పట్టుకో," అంది ఇన్‌స్పెక్టరుతో. "నేను బయటికొచ్చేదాకా చెయ్యి తీశావో, చూడు."

అతను నోరెత్తకుండా రెండు చేతులతో చక్రం పట్టుకున్నాడు. డిటెక్టివ్ పక్కకు తిరిగి, పొట్ట లోపలికి లాక్కుని సందులో దూరింది. ఇనుము చల్లగా వీపుకు తగిలింది. ఇక్కడే, ఇంత చోటులోనే, ఒక మనిషి అరుస్తుంటే ఫ్యాను మోగుతూనే ఉంది. ఆ ఆలోచనకు మళ్లీ రక్తం మరిగింది. దాన్ని పక్కన పెట్టి పైకి చూసింది.

పై అరలో ఓ కట్ట సగం బయటికి లాగి ఉంది. దాని ముడి విప్పి ఉంది. అట్ట మీద అందంగా రాసిన చీటీ, ఫలానా ఏళ్ల కొలువుల రికార్డు అని. కట్ట కిందికి దించి అట్ట తెరిచింది. లోపల రికార్డూ లేదు, పాడూ లేదు. అచ్చు వేసి వాడకుండా పారేసిన ఖాళీ ఫారాలు. పైనొకటి, కిందొకటి మాత్రం నిజం కాగితాలు. మధ్యలోదంతా చిత్తు.

ఇంకోటి లాగింది. అదీ అంతే. దాని పక్కది లాగితే అసలు రికార్డే ఉంది. చాలాసేపు వరసగా లాగి చూస్తూ పోయింది. అట్టలు ఒకటే, చీటీలు ఒకటే, నాడాలు ఒకటే. మరి చిత్తుకూ అసలుకూ తేడా మాస్టారికి బయటి నుంచే ఎలా తెలిసింది? ఆయన విప్పింది చిత్తు కట్టనే కదా. రెండు కట్టలు పక్కపక్కన పెట్టి చూసింది. అప్పుడు కనబడింది. అసలు కట్టలన్నిటికీ ముడి కొస కుడివైపుకు వాలి ఉంది. చిత్తు కట్టలన్నిటికీ ఎడమవైపుకు. కట్టల మీద చాదస్తమున్న మనిషి, తన చేతి ముడి కానిదాన్ని గది ఈ చివర నుంచి కూడా గుర్తుపట్టి ఉంటాడు.

పై అరలు తలెత్తి చూసింది. ఎడమవైపుకు వాలిన కొసలు. దాని కిందా అవే. ఎదుటి బీరువాలో సగం అవే. ఈ ఆఫీసులో చోటు లేకపోవడం అబద్ధం. చోటు లేకుండా చేశారు. చిత్తుకాగితం కట్టలు కట్టి నింపి, నిజం కాగితాల్ని మెట్ల మీదకూ మూత్రశాలలోకీ తోసి, పిన్నులు పీకించి, అయ్యో చోటు లేదని ఏడాది పాటు గోల చేసి, నెలనెలా అద్దెలో వాటా కొట్టెయ్యడానికి గోడౌను తెచ్చుకున్నారు. అది తెలుసుకున్న ముసలాయన్ని ఇక్కడే నలిపేశారు.

ఆ వెనకే ఇంకో సంగతి తోచి, ఆమె చేతిలో కట్ట జారింది. కంబళి దారం. ఎడమచెయ్యి. ముడి పడుతూ విప్పుకుంటూ ఉన్న ఆ వేళ్లు.

"వెధవ," అంది పైకే. ఆ కట్టలు కట్టింది గుమాస్తానే. ఎవరో కట్టమంటే కట్టాడు. మాస్టారు వాటిని విప్పడం మొదలుపెట్టేసరికి హడలిపోయి నలిగి చస్తారని అరిచాడు. చంపలేదు గానీ, చంపినవాడెవరో వాడికి తెలుసు. ఫోను ఎవరు చేశారో తెలుసు. తన తప్పు బయటపడుతుందని నోరు కుట్టేసుకుని, హత్య నెత్తిన వేసుకుని కూర్చున్నాడు. అక్కకు ముఖం చూపించలేక.

సందులోంచి బయటపడేసరికి ఇన్‌స్పెక్టరు ఇంకా చక్రం పట్టుకునే ఉన్నాడు. ఆమె ముఖం చూసి ఏమైందన్నాడు.

"కేక వినబడ్డాక ముందు వచ్చిందెవరు?"

ఇన్‌స్పెక్టరు ఫైలు తియ్యలేదు, గుర్తుంది. ముందొచ్చిన మనిషే వాచ్‌మన్ను అంబులెన్సు కోసం కిందికి పంపి, మిగతావాళ్ల చేత గుమాస్తాను వరండాలోకి మోయించి, శవం దగ్గర తనొక్కడే కాపలా ఉన్నాడట. శవాన్ని ఎవరూ తాకకూడదని. చాలా బాధ్యతగా చేశాడని ఇన్‌స్పెక్టరే మెచ్చుకున్నాడు కూడా.

"ఎవరయ్యా?"

"డిప్యూటీ డైరెక్టరుగారు."

అనేశాక ఇన్‌స్పెక్టరుకు తన మాట తనకే వినబడింది. చక్రం మీద చేతులు అప్పుడు జారిపోయాయి.

డిటెక్టివ్ ఫోను అప్పటికే మోగుతోంది. గుమాస్తా అక్క. గొంతులో ఏడుపుంది, కానీ ఈసారి సంతోషపు ఏడుపు. తమ్ముణ్ణి వదిలేశారమ్మా అంది. మీ కాళ్లకు దణ్ణం పెట్టుకోవాలంది. డిప్యూటీగారు ఎంత పెద్దమనిషో, ఆయనే స్వయంగా వచ్చారంది.

"ఎక్కడున్నాడు వాడు? నీ పక్కనున్నాడా?"

"లేడమ్మా. కొత్త గోడౌన్లో బీరువాల కొలతలేవో చూసి ఓ సంతకం పెట్టాలట. అరగంటలో ఇంటి దగ్గర దింపుతానన్నారు. నేను ముందొచ్చి పొయ్యి వెలిగించాను, వాడు నిన్నటి నుంచి ఏమీ తినలేదు కదా." ఒక్క క్షణం ఆగింది. "కారెక్కుతూ నా చెవిలో ఓ మాటన్నాడమ్మా. నాకైతే అర్థం కాలేదు. ఆ ఫోను చేసింది ఈయనేనని డిటెక్టివమ్మకు చెప్పమన్నాడు."

డిటెక్టివ్ అప్పటికే మెట్ల మీద ఉంది, కట్టల్ని కాళ్లతో తన్నుకుంటూ. వెనక ఇన్‌స్పెక్టరు జీపు తియ్యమని అరుస్తూ దిగుతున్నాడు. వదిలెయ్యమంది తనే. బల్ల చరిచి మరీ వదిలేయించింది. లాకప్పులో ఉన్నంతసేపూ ఆ వెర్రివాడు బతికే ఉన్నాడు. ఊచల మధ్యనుంచి తీసి, ఇంతకంటే పెద్ద బీరువాల మధ్యకు తనే పంపింది, మంచిదండీ అని మర్యాద చేసి.

ఫోన్లో అక్క ఇంకా అడుగుతూనే ఉంది, ఏమైందమ్మా, వాడికేం కాలేదు కదా అని. డిటెక్టివ్ పరుగు ఆపలేదు. కారు తాళాల కోసం కోటు జేబులో చెయ్యి పెట్టింది. తాళాలకన్నా ముందు పల్చటి ప్లాస్టిక్ ముక్క ఒకటి వేళ్లకు తగిలింది.

గుమాస్తా కార్డు. దాని మీద అతను పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్నాడు. ఆ గోడౌన్లో చక్రానికి తగిలించుకోవడానికి అతని దగ్గర ఇప్పుడు అది కూడా లేదు.